మరుగునీళ్ల మాట

వచ్చే కార్తీకంలో మా చెల్లెలి పెళ్లి. చెల్లెలంటే చిన్నమ్మ కూతురు. చెన్నైలో మనవాళ్ల ఇంట్లో పెళ్లి కుదిరిందంటే మొదటి మాట ముహూర్తం, రెండో మాట కంచిపట్టు, కళ్యాణ మండపం దొరకడం మూడోది. చీరల లిస్టు మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే. ముహూర్తానికి ఒకటి, రిసెప్షన్‌కి ఒకటి, వియ్యపురాలికి, ఆడపడుచులకి, మేనత్తలకి, పెద్దమ్మలకి... ఈసారి లెక్క పదిహేను దగ్గర ఆగింది. ఒక శనివారం సాయంత్రం అందరం టీ నగర్ బయల్దేరాం.

పానగల్ పార్క్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. అప్పుడు వెనక సీట్లోంచి పెళ్లికూతురు తన ఫోన్లో ఒక పాట పెట్టింది. డోలు లేదు, గిటారు లేదు. అడుగునించి ధన్ ధన్‌మని ఒక మోత, దానిమీద ఏదో మెషీన్ ఈలలు, నడుమ ఒక మగ గొంతు. ఆ గొంతులో ఎత్తూ పల్లం లేదు. కోర్టులో అమీనా నోటీసు చదివినట్టు పాడుకుంటూ పోయాడు.

“ఏందమ్మీ ఇది, గ్రైండర్ తిరిగినట్టుంది” అంది ముందు సీట్లో చిన్నమ్మ.

“పట్టుపురుగుల పాట అమ్మా. బతికుండగానే ఉడకబెడుతున్నారు, ఆపండి అంటున్నాడు. ఇంకోమాట. నేను పట్టు కట్టుకోను.”

కార్లో ఎవరూ మాట్లాడలేదు. షాపు కింద కారు ఆపి దిగేటప్పుడు చిన్నమ్మ ఒక్కటే అడిగింది: “ఆ పాడినాయన ఎప్పుడన్నా ఆ నీళ్లలో చెయ్యి పెట్టినాడా?”

ఆ రోజు చీర కొనలేదు. ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో అదే గొడవ. ఈ కాలం పిల్లలకు ప్రతిదీ పాపమే అని పెద్దమ్మ, అమ్మాయి ఇష్టం అని నాన్న, రెండు వైపులా తల ఊపుతూ బాబాయి. మేము మాత్రం ఆ పాట పట్టుకుని కూర్చున్నాం. మా అభిప్రాయం ఏంటని ఇంట్లో అడిగారు. అడక్కపోయినా రాసేవాళ్లమే.

పాట పేరు ‘బీయింగ్ బాయిల్డ్’. ఉడికిపోతూ ఉండటం అని దాని అర్థం. పాడింది ‘ద హ్యూమన్ లీగ్’ అనే ఇంగ్లీషు బృందం. ఇంగ్లండ్‌లో ఉక్కుకు పేరుపడ్డ షెఫీల్డ్ ఊళ్లో, మూతబడ్డ ఒక కార్ఖానా గదిలో, ఇంట్లో వాడుకునే టేపు రికార్డరు మీద దీన్ని రికార్డు చేశారు. ఖర్చు రెండున్నర పౌండ్లు అని చెప్పుకుంటారు. ఎడిన్‌బరోలోని ‘ఫాస్ట్ ప్రాడక్ట్’ అనే చిన్న కంపెనీ 1978 జూన్‌లో రికార్డు వేసింది. కోర్గ్ 700ఎస్, రోలాండ్ సిస్టమ్ 100 అనే సింథసైజర్లు తప్ప అందులో వేరే వాద్యం లేదు. వాయించిన మార్టిన్ వేర్, ఇయన్ క్రెయిగ్ మార్ష్ ఇద్దరూ కంప్యూటర్ ఆపరేటర్లు. పాడిన ఫిలిప్ ఓకీ అప్పటికి ఆస్పత్రిలో పోర్టరు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి బతికే మాకు ఆ ఇద్దరు ఆపరేటర్లను తలుచుకుంటే కాస్త మనవాళ్లే అనిపించింది. పగలంతా మెషీన్లకు చాకిరీ చేసి, సాయంత్రం అలాంటి మెషీన్లతోనే పాట కట్టారు.

సింథసైజర్ అంటే ఏమిటో చెన్నై తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 1986లో ఇళయరాజా గారు కంప్యూటర్ సీక్వెన్సర్ పెట్టి చేసిన ‘పున్నగై మన్నన్’ మనకు ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. ఆ తర్వాత రాజ్-కోటి పాటలు. టి.వి. రాజు గారి అబ్బాయి, సాలూరి రాజేశ్వరరావు గారి అబ్బాయి కలిసి ఆ మెషీన్లతో మద్రాసులో తెలుగు సినిమాను ఒక దశాబ్దం పాటు ఊపేశారు. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. కాబట్టి మోత కొత్తగా వినిపించలేదు. కొత్తగా వినిపించింది సంగతి. ప్రేమ లేదు, డాన్సు లేదు, పట్టుపురుగుల గురించి పాట! అదీ ఇంగ్లండ్‌లో!

పాటలో ఉన్నదేంటో మా మాటల్లో చెప్తాం. బుద్ధుడు చూస్తున్నాడు, పట్టు తియ్యడం మానండి, అవీ మీ పిల్లల్లాంటి చిన్న ప్రాణాలే, వాటిని ఉడకబెడుతున్నారు అని. బుద్ధుణ్ణీ వేరే దేవుణ్ణీ కలిపి ఒక మూట కట్టేశారు. తూర్పు దేశాలన్నీ వాళ్లకు ఒకటే ఊరు. నవ్వుకోవచ్చు. కానీ నవ్వి వదిలేసే పాట కాదు, ఎందుకంటే ఆ ‘పిల్లలు’ అన్న మాట మా ఇంట్లో వేరే చోట తగిలింది. అది చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాకు రెండు వైపులు. నాన్న వైపు నాలుగు తరాలుగా మద్రాసు. చింతాద్రిపేటలో ఉండేవాళ్లు. 1734లో నేతగాళ్ల కోసం కంపెనీవాళ్లు కట్టించిన పేట అది. మావాళ్లు మగ్గం ఎప్పుడో వదిలేశారు కానీ గుడ్డను వేలితో రుద్ది మంచీచెడ్డా చెప్పే అలవాటు నాయనమ్మ దాకా ఉంది. అమ్మ వైపు శిడ్లఘట్ట. అప్పట్లో కోలారు జిల్లా, ఇప్పుడు చిక్కబళ్లాపురం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజార్లో రెండూ, పక్క వీధిలో ఉర్దూ. మేము పదో తరగతి దాకా అక్కడ తాత ఇంట్లో ఉండి కన్నడ మీడియంలోనే చదివాం. తెలుగు చదవడం తర్వాత అక్షరాల పోలిక పట్టుకుని నేర్చుకున్నదే. ఈ పేజీల్లో మా ఒత్తులు తప్పుతుంటే కారణం అదే, మన్నించాలి.

ఈ రెండు వైపులనీ కలిపేది పట్టు. కంచి మగ్గాల మీదికి వచ్చే నూలులో చాలాభాగం కర్ణాటకదే. కంచిలో నేసేవాళ్లలో తెలుగు, కన్నడ మాట్లాడే దేవాంగులూ పద్మశాలీలూ ఉన్నారు. కృష్ణదేవరాయల కాలంలో వచ్చారంటారు. అంటే మనలాంటివాళ్లు పురుగును పెంచుతారు, మనలాంటివాళ్లు దారం తీస్తారు, మనలాంటివాళ్లు నేస్తారు, మనలాంటివాళ్లు కడతారు. కట్టేవాళ్ల ఫొటోలు మాత్రమే ఆల్బంలో ఉంటాయి.

శిడ్లఘట్ట వైపు పిల్లలకు పట్టుపురుగు పాఠం చెప్పక్కర్లేదు. అయినా బడిలో చెప్పేవాళ్లు. గోడమీద ఒక చార్టు ఉండేది, గుండ్రంగా నాలుగు బొమ్మలు: మొట్టె, హుళు, గూడు, చిట్టె. గుడ్డు పురుగవుతుంది, పురుగు గూడు కడుతుంది, గూడు తొలుచుకుని రెక్కల పురుగు వస్తుంది. మొదటి మూడు బొమ్మలూ మేము ప్రతి ఇంట్లో చూసినవే. నాలుగు జ్వరాలు దాటాలి పురుగు. మా వైపు పురుగు చర్మం విడిచే దశను జ్వరం అంటారు. నాలుగో జ్వరం తర్వాత అవి మల్బరీ ఆకు తింటుంటే రాత్రిపూట రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టే ఉంటుంది. నెల తిరక్కుండానే చంద్రిక మీదికి ఎక్కించేస్తారు. రెండుమూడు రోజుల్లో గూడు. ఇంక నాలుగో బొమ్మ? విత్తనానికి పెట్టిన గూళ్లలోంచి తప్ప చిట్టె బయటికి రావడం మేము చూడలేదు. చార్టులో ఉన్న నాలుగో బొమ్మ ఊళ్లో లేదు. పదిహేనేళ్లు అక్కడ పెరిగి, అది లేదన్న సంగతి కూడా గమనించలేదు. టెస్టర్ అని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

ఎందుకు లేదంటే, చిట్టె తొలుచుకుని బయటికి వస్తే దారం తెగిపోతుంది. మంచి గూడులో దారం ఎక్కడా తెగకుండా వెయ్యి మీటర్లు దాటి ఉంటుంది. అది ఒక్క పోగుగా రావాలంటే లోపలి ప్రాణం బయటికి రాకముందే పోవాలి. ఎండకు గానీ ఆవిరికి గానీ చంపుతారు, తర్వాత మరిగే నీళ్లలో వేస్తారు. దారానికి అంటుకున్న జిగురు ఆ వేడికి వదులవుతుంది. అప్పుడు కొస వెతికి పట్టుకోవాలి. అన్ని గూళ్ల కొసలు కలిపి ఒక పోగుగా చరకాకి ఎక్కించాలి. కొస చాలా సన్నం. చిప్పగరిటెతో దొరకదు, చేతివేళ్లకే దొరుకుతుంది. సన్నటి వేళ్లయితే ఇంకా మేలు.

మా తాత ఒక లెక్క చెప్పేవాడు. కిలో నూలుకు ఏడెనిమిది కిలోల గూళ్లు. ఒక్కో గూడు గ్రామున్నర నుంచి రెండు గ్రాములు. చీరలో నూలు అరకిలో అనుకున్నా గూళ్లు రెండు వేలు దాటతాయి. పదిహేను చీరల లిస్టును మా చెల్లెలు ఈ లెక్కతోనే గుణించింది. ముప్పై వేలు. ఆ అంకె విన్నాక వంటింట్లో కాసేపు గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

సరే, రెండో లెక్క. ‘బీయింగ్ బాయిల్డ్’ మొదట వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ కొనలేదు. వేర్, మార్ష్ 1980లో విడిపోయి వేరే బృందం పెట్టుకున్నారు. ఓకీ కొత్తవాళ్లను చేర్చుకుని 1981 చివర ‘డోంట్ యూ వాంట్ మీ’తో ఇంగ్లండ్‌లో నంబర్ వన్ కొట్టాడు. ఆ ఊపులో పాత పాటను 1982 జనవరిలో మళ్లీ విడుదల చేస్తే 6వ స్థానం దాకా ఎక్కింది. పట్టుపురుగుల మీద జాలిపాట ఇంగ్లండ్ డిస్కోల్లో మోగిన ఆ 1982లోనే మా చిన్నమ్మ ఐదో తరగతి మానేసి చరకా ముందు కూర్చుంది. వయసు పది.

తాత చేసిన అప్పుకు అది వడ్డీ. అడ్వాన్సు అనేవాళ్లు. అడ్వాన్సు తీరేదాకా పిల్ల వాళ్ల చరకా దగ్గరే పని చెయ్యాలి. అడ్వాన్సు తీరదు, ఎందుకంటే మధ్యలో పండగ వస్తుంది, జబ్బు వస్తుంది, మళ్లీ చేయి చాపాలి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఆ చట్టం పేరు మా తాతా వినలేదు, ఆ కార్ఖానా ఆసామీ వినదలచలేదు. చిన్నమ్మ ఆరేళ్లు చేసింది. మేము చిన్నప్పటినుంచీ చూసిన ఆమె వేళ్లు కొసల దగ్గర తెల్లగా, నున్నగా ఉంటాయి, వేలిముద్రలు సగం చెరిగిపోయినట్టు. ఆధార్ తీసుకునేటప్పుడు మెషీను మూడుసార్లు ఒప్పుకోలేదు. అప్పుడు అందరం నవ్వాం. ఎందుకు చెరిగిపోయాయని ఎవరం అడగలేదు.

మా చిన్నమ్మది ఒక్క ఇంటి కథ కాదు. 2003 జనవరిలో హ్యూమన్ రైట్స్ వాచ్ మన దేశపు పట్టు పరిశ్రమలో వెట్టిపిల్లల మీద ఒక నివేదిక వేసింది. కర్ణాటకలో దారం తీసే పిల్లలు, కంచిలోనూ కాశీలోనూ మగ్గాల దగ్గర పిల్లలు అందులో ఉన్నారు. మేము దాన్ని ఈ నెలలో మొదటిసారి చదివాం. అందులో ఉన్నవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి.

ఇప్పుడు ఒక ఒప్పుకోలు. ఈ పేజీల్లో మేమే రెండుమూడుసార్లు నాయనమ్మ పట్టుచీరల గురించి రాశాం. కోర్వై అంచు ఎలా కలుపుతారు, జరీ సూరత్ నుంచి ఎలా వస్తుంది, రుద్రాక్ష బుట్టా, నెమలికంఠం రంగు, పెట్టెలో కర్పూరం ఎందుకు వెయ్యాలి, అన్నీ రాశాం. చదివి దుబాయ్ నుంచి, సింగపూర్ నుంచి మీరు ఉత్తరాలు రాశారు, చాలా సంతోషపడ్డాం. ఒక్కసారి కూడా మరుగునీళ్ల మాట రాలేదు. కథ ఎప్పుడూ మగ్గం దగ్గరే మొదలుపెట్టాం. అంతకుముందు జరిగింది వారసత్వం కాదన్నట్టు. నాయనమ్మ పెట్టె వారసత్వం అయితే, చిన్నమ్మ వేళ్లు ఏమిటి?

మళ్లీ పాట దగ్గరికి వస్తాం. మా చెల్లెలు వాదంలో గెలవడానికని, బుద్ధుడు నిజంగా పట్టు గురించి ఏమన్నాడో వెతికింది. దొరికింది కూడా. వినయ పిటకంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, పట్టు మీద ఒక నియమం ఉంది. నియమం కన్నా దాని వెనక చెప్పిన కథ గొప్పది. ఆళవి అనే ఊళ్లో కొందరు భిక్షువులు పట్టు తీసేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఇంకా ఎక్కువ పురుగుల్ని ఉడకబెట్టండి, మాకూ ఇవ్వండి, పట్టు కలిపి పరుపు చేయించుకుంటాం అని అడిగారట. ఆ పనివాళ్లు మండిపడ్డారు. మా ఖర్మ కొద్దీ పొట్టకూటికి, పెళ్లాంబిడ్డల కోసం ఇన్ని చిన్న ప్రాణాలు తీస్తున్నాం, సన్యాసులు మీరొచ్చి ఇంకా తియ్యమంటారా అని వాళ్ల గోడు. సంగతి బుద్ధుడి దాకా వెళ్లింది. ఆయన నియమం పెట్టాడు. ఎవరి మీద? భిక్షువుల మీద. మీరు పట్టు కలిపిన పరుపు చేయించుకోకూడదు అని. ఆ కథలో ఉడకబెట్టేవాళ్లను ఆయన ఒక్క మాట అనలేదు.

మా చెల్లెలు ఇది చదివి వినిపిస్తే చిన్నమ్మ రెండోసారి చదవమంది. “అయితే అప్పుడే ఎవరో చెప్పుకున్నారన్నమాట” అంది. రెండు వేల ఏళ్ల పైబడిన గ్రంథంలో దారం తీసేవాడి గోడు ఉంది, ఇంగ్లీషు పాటలో లేదు, మా పేజీల్లోనూ లేదు.

ఇక్కడే మాకు పాటతో పేచీ. పాట చెప్పే పాపం నిజమే. మేము కాదనం. రెండు వేల ప్రాణాలు అనేది తాత లెక్క, ఇంగ్లీషువాడి లెక్క కాదు. కానీ పాట వేలు చూపించింది తప్పు మనిషి వైపు. పట్టు తియ్యడం మానండి అంటుంది, తీసేవాడితో. తొడుక్కునేవాళ్లను ఒక మాట అని వదిలేస్తుంది. షెఫీల్డ్ కుర్రాళ్లను మరీ తప్పుపట్టలేం, వాళ్ల వయసు ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. అయినా ఒక మాట. కొలిమిల ఊళ్లో ఉంటూ, పక్క వీధిలో వేడి దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్లను వదిలేసి ఎక్కడో తూర్పున పురుగుల దగ్గరికి వెళ్లారు. దూరపు పాపం నునుపుగా కనిపిస్తుంది. మేమూ అదే కదా చేసింది, పక్క గదిలో చిన్నమ్మను పెట్టుకుని జరీ గురించి రాయడం.

అహింసా పట్టు మాటేంటని మీరు అడుగుతారు. మా ఇంట్లో కూడా అడిగారు. మధ్యేమార్గం దొరికిందని బాబాయి సంబరపడ్డాడు. దాని వెనక ఉన్నది మన తెలుగాయనే, హైదరాబాదులో చేనేత శాఖలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు. అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ గారి భార్య జానకి గారు, పురుగును చంపకుండా పట్టుచీర చెయ్యలేరా అని అడిగిన ప్రశ్న ఆయన బుర్రలో ఉండిపోయిందట. చిట్టె బయటికి వెళ్లిపోయాక మిగిలిన తొలిచిన గూడునుంచి, పత్తి వడికినట్టు దారం వడుకుతారు. పేటెంటు కూడా తీసుకున్నారు. కంచి పరమాచార్యులవారు కూడా ప్రాణం తీసిన పట్టు వద్దనే చెప్పేవారు, కంచిలోనే కూర్చుని. ఆ మాటను ఆ వీధుల్లో చెప్పడానికి గుండె కావాలి.

రాజయ్య గారి పని మీద మాకు గౌరవమే. ఆ దారానికి కంచిపట్టు మెరుపు ఉండదు, నూలుకూ పట్టుకూ నడుమ ఒక మెత్తదనం ఉంటుంది, ధర ఎక్కువ. అవి పెద్ద సమస్యలు కావు. కానీ అహింస అన్న లేబుల్ చూసి నిశ్చింతగా నిద్రపోవడం కుదరదు. వేల ఏళ్ల పెంపకంలో ఆ చిట్టె ఎగరడమే మర్చిపోయింది. తిండి తినే నోరు లేదు. కొద్దిరోజులు బతికి, వందల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్లన్నీ పొదిగితే ఆకు ఎవరు వేస్తారు? చెల్లెలి దగ్గర దీనికి జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఇంకోటి, చంపకుండా వడికిన దారానికైనా వడికే చేతులు ఉంటాయి. ఆ చేతుల వయసెంత, కూలి ఎంత అని లేబుల్ చెప్పదు.

సిల్క్ మార్కూ అంతే. షాపులో ఎవరినడిగినా ఆ గుర్తే చూపిస్తారు. అది చెప్పేది ఇది అసలు పట్టా కాదా అన్న ఒక్క సంగతే. టెస్టింగ్‌లో మేము రోజూ చూసేదే ఇది. టెస్టు పాస్ అవుతుంది, అడగాల్సింది అడగనే లేదు.

శిడ్లఘట్టలో ఇప్పుడు అన్నీ మారకపోలేదు. గూళ్లను మెషీనే ఉడికించి, కొస పట్టి, చుట్టే ఆటోమేటిక్ యూనిట్లు వచ్చాయి. వాటి దగ్గర మనిషి చెయ్యి మరుగునీళ్లలో ఉండదు. పాత చరకాలు కూడా ఉన్నాయి, ఆ పక్క వీధిలోనే. మన డబ్బు దేనికి వెళ్తోందో మనకు తెలియదు. ఎవరమూ అడగం కాబట్టి షాపువాళ్లకూ తెలియదు. పట్టు మానేస్తే సరిపోతుంది కదా అంటే, ఆ వీధిలో మా మేనమామ కొడుకులు ఇంకా ఉన్నారు. పోయిన వేసవిలో గూళ్ల ధర పడితే రైతు ఏడ్చాడు, పెరిగితే దారం తీసేవాడు ఏడ్చాడు. ఇద్దరూ మాకు చుట్టాలే. ఒక పాట విని వాళ్ల పొయ్యి ఆర్పడం మాకు చేతకాదు.

కాబట్టి మా ఓటు ఇది. పదిహేను చీరల లిస్టు చింపెయ్యాలి. మేనత్తల బీరువాల్లో ఇప్పటికే కట్టని పట్టుచీరలు ఎన్ని మూలుగుతున్నాయో అందరికీ తెలుసు. వియ్యపురాలు ఏమనుకుంటుందో అన్న భయంతో ఉడికిన పురుగులే వాటిలో సగం. ఆళవి భిక్షువుల పరుపుకూ వీటికీ తేడా మాకు కనిపించలేదు. ఆవిడకు మంచి వెంకటగిరి నూలు చీర పెట్టి కారణం చెబుదాం. నొచ్చుకుంటే నొచ్చుకుంటారు.

మిగిలింది ఒక్క చీర, ముహూర్తం చీర. ఇక్కడ మేము తేల్చలేకపోయాం, నిజం చెప్తున్నాం. మా చెల్లెలి వైపే మా మనసు మొగ్గింది మొదట్లో. తర్వాత చిన్నమ్మ ఒక రాత్రి చెప్పిన మాట విన్నాం. ఆరేళ్లు పట్టు తీసిన ఆమె, తన పెళ్లిలో కట్టుకున్నది ఆర్ట్ సిల్క్. జరీ మూడో ఉతుక్కే నల్లబడింది. “నేను తీసిన దారం ఎక్కడికి పోయిందో, ఎవరు కట్టుకున్నారో నాకు తెలీదు. నా బిడ్డ ఒంటిమీద ఒక్కసారి చూడాలనుకున్నా” అంది. ఇది ఆశ అనుకోవాలా, బాకీ అనుకోవాలా? మేము బాకీ అనే అంటాం. పదిహేనో చీర కొనే పెద్దమ్మకు వర్తించే నియమం మొదటి చీర అడిగే చిన్నమ్మకు వర్తిస్తుందని మాకు అనిపించడం లేదు. పురుగుకు ఆ తేడా తెలియదు, ఒప్పుకుంటాం.

చెల్లెలు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు పొద్దున కాఫీ దగ్గర ఒక షరతు పెట్టింది. చీర సంగతి తర్వాత, ముందు శిడ్లఘట్ట చూడాలి అంది. గూళ్ల మార్కెట్టు, చరకా, మెషీన్ యూనిటు, అన్నీ. ఇరవై ఏడేళ్లు వచ్చినా అమ్మ పని చేసిన చోటు ఆ పిల్ల చూడలేదు, చిన్నమ్మ చూపించలేదు. వచ్చే రెండో శనివారం బెంగుళూరు దాకా రైలు, అక్కడినుంచి బస్సు. మూడు టికెట్లు తీశాం. మేనమామ కొడుకు బస్టాండుకు వస్తానన్నాడు.

చిన్నమ్మకు కూడా తీస్తామన్నాం. వద్దంది. ఉడికిన గూళ్ల వాసన ఇంకా ముక్కులోనే ఉందట.